జ్వరం దిగిన రోజు

నిన్న సాయంత్రం మా వీధిలోకి దోమల మందు పొగబండి వచ్చింది. కిటికీలన్నీ మూసినా ఆ ఘాటు వాసన గదిలో నిండిపోయింది. ఒకచోట కూర్చోలేక ఇల్లంతా తిరిగాను. ఆ వాసన తగిలితే నాకు జెద్దా గుర్తొస్తుంది. జెద్దాతో పాటే కరుణమ్మ గారు గుర్తొస్తారు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. భీమవరంలో నర్సింగ్ చదివి, సౌదీలోని జెద్దాలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. నరసాపురం నుంచి వచ్చిన కరుణమ్మ గారు మా వార్డు ఇన్‌చార్జి. యాభై దాటిన సన్నటి మనిషి, ఎప్పుడూ నడుస్తూనే ఉండేవారు. ఆమె కూర్చుని టీ తాగడం నేను చూడలేదు. ఆ యేడు ఊళ్లో డెంగీ జ్వరాలు, సాయంత్రమైతే వీధుల్లో ఈ పొగబండ్లే. ఒళ్లు నొప్పులని ఎవరొచ్చినా, "ఏం మాత్రలేసుకున్నావ్?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న. పారాసిటమాల్ కాకుండా వేరే నొప్పి మాత్ర పేరు చెబితే ఆమె ముఖం మారిపోయేది. ఈ జ్వరంలో ఆ మాత్రలకు రక్తస్రావం కావచ్చని పుస్తకంలో నేనూ చదివాను. భయపడటం మాత్రం ఆమెను చూసే నేర్చుకున్నాను.

కడప నుంచి వచ్చిన జబ్బార్ అనే డ్రైవరుకు ఐదో రోజు జ్వరం దిగింది. "సిస్టర్, జరం పోయింది గదా. కఫీల్ బండి తోలేటోడు లేడని ఒకటే ఫోన్లు చేస్తాండాడు. నన్ను పంపీండి," అన్నాడు. మంచం మీద నిలకడగా ఉండలేక అటూ ఇటూ దొర్లుతున్నాడు. కఫీల్ అంటే అక్కడ వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. పనికి వెళ్లాలన్న తొందర అనుకున్నాను. డాక్టరు సంతకం చేసిన డిశ్చార్జి కాగితం నవ్వుతూ తీసుకెళ్లాను.

కరుణమ్మ గారు కాగితం చూడలేదు. దుప్పటి తొలగించి అతని పాదాలు పట్టుకున్నారు.

"గ్రేసీ, ఇటు రా. పట్టుకు చూడు."

చల్లగా, చెమటగా ఉన్నాయి.

"కడుపులో నొప్పుందా నాయనా?"

"ఉందమ్మా. పొద్దున రెండు తూర్లు కక్కినా."

ఆ సంగతి నేను అడగలేదు. బీపీ చూస్తే వంద బై ఎనభై నాలుగు. "పై అంకె బానే ఉంది కదండీ," అన్నాను.

ఆమె నన్ను పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించారు. "కింది అంకె చూడవే. రెండూ దగ్గరకొచ్చేత్తన్నాయి. జ్వరం దిగేకే దీని అసలు పని మొదలవుద్ది. రక్తంలో నీరు నరాల్లోంచి కారిపోద్ది."

డాక్టరు వచ్చి చూసి ఆ కాగితం చింపేశారు. పరీక్షలో రక్తం చిక్కబడిందని తేలింది. కంగారులో నేను సెలైను పూర్తిగా తిప్పితే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి దిగుద్ది. డాక్టరు చెప్పినంతే. గంటగంటకీ చూసుకోవాలి." నాడి, బీపీ, మూత్రం, పాదాలు. మళ్లీ నాడి. మర్నాడు మధ్యాహ్నానికి అతని పాదాలు వెచ్చబడ్డాయి, అన్నం అడిగాడు.

అప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి చెప్పారు. "పోయినేడు మన నర్సుపిల్లే ఒకత్తి. జ్వరం తగ్గిందని నేనే జడేసి రూముకి పంపేను. మర్నాడు మోసుకొచ్చేరు." ఆ మాటని, వెళ్లి మళ్లీ జబ్బార్ పాదాలు పట్టుకు చూశారు.

జబ్బార్ కోలుకుని వెళ్లాక, ఒక శుక్రవారం ఉదయం నన్ను వెంటబెట్టుకుని అతని గదికి వెళ్లారు. మూతలేని నీళ్ల డ్రమ్ములో దోమ పిల్లలు గిలగిలా ఈదుతున్నాయి. ఆమె వెంటనే డ్రమ్ము వంచబోయారు.

"పారబోస్తే ఎట్టమ్మా? ట్యాంకరు వారానికొకతూరి గదా వచ్చేది," అన్నాడు జబ్బార్.

ఆమె ఆగిపోయారు. తర్వాత పాత దుప్పటి అడిగారు. ఆ నీళ్లు దుప్పట్లో వడగట్టించి, డ్రమ్ము లోపలంతా పీచుతో తోమించి, నీళ్లు తిరిగి పోయించి, ఆ దుప్పటినే మూతికి బిర్రుగా కట్టారు. "గుడ్లు గోడకి అంటుకునుంటాయి బాబూ. ట్యాంకరొచ్చే ముందు తోముకో."

రెండేళ్లకు ఆమె ఉద్యోగం మానేసి, ఇక తిరిగి రాని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద దేశానికి బయల్దేరారు. టాక్సీ ఎక్కాక అద్దం దించి పిలిస్తే, దీవిస్తారేమో అనుకున్నాను. "మూడో మంచం ఆవిడ పొద్దుట్నుంచి మూత్రానికెళ్లిందా?" అన్నారు. నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి లోపలికి పరుగెత్తాను. ఆ రోగి బాగానే ఉంది. తిరిగొచ్చేసరికి టాక్సీ లేదు.

ఇప్పుడు కాకినాడలో నేనూ ఇన్‌చార్జినే. జ్వరం దిగిందని ఇంటివాళ్లు తేలిగ్గా నవ్వే రోజున నేను ఆ మంచం దగ్గర్నుంచి కదల్లేను. ఈవిడకింత కంగారేమిటని కొత్త పిల్లలు అనుకుంటారు. అనుకోనీ.