సగంలో ఆపిన తాటాకు పిట్ట కథ

బాపట్లలో నా కథ నా కళ్ళముందే చచ్చిపోయింది. అతిశయోక్తి కాదు. ఏళ్ళ తరబడి తెనాలి బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, పిల్లల మొహాలు చూస్తే కథ పాకాన పడిందో లేదో నాకు ఇట్టే తెలిసిపోతుంది. బాపట్లలో ఒక బడివాళ్ళు, పర్యావరణం మీద పిల్లలకి మంచి కథ చెప్పండి మేడమ్ అని పిలిస్తే, గంజి పెట్టిన చీర కట్టుకుని మరీ వెళ్ళాను. అడవిలో సింహం, ఏనుగు, కుందేలు కలిసి గొడ్డలి పట్టుకొచ్చిన మనిషికి బుద్ధి చెప్పే కథ. ఏనుగులా ఘీంకరించాను కూడా, ఈ వయసులో.

అంతా అయ్యాక, ఈ కథలో నీతి ఏంటి పిల్లలూ అన్నాను. అనడమే ఆలస్యం, గది గదంతా ఒక్క గొంతుతో చెట్లను నరకరాదు, నీటిని వృథా చేయరాదు, ప్లాస్టిక్ వాడరాదు అని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేసింది. నా కథలో నీళ్ళూ లేవు, ప్లాస్టిక్కూ లేదు. వెనక బెంచీలో ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తింది. మా ఊళ్ళో అడవి లేదు కదండీ, మరి నేనేం చెయ్యాలండీ అని అడిగింది. ఇంటికెళ్ళి అమ్మకి సాయం చెయ్యమ్మా అని ఏదో గొణిగి బయటపడ్డాను.

తిరుగు బస్సులో నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? బాపట్ల నుంచి తెనాలి దాకా కిటికీలోంచి ఎంత చూసినా మినుము పీకేసిన చేలు, కాలవలు, గట్ల మీద తాటిచెట్లు. సింహం ఎక్కణ్ణించి తెచ్చి పెట్టాలి ఈ పిల్లలకి? ఎక్కడో ఉన్న అడవిని కాపాడమంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, బట్టీ పట్టి అప్పజెప్పడం తప్ప?

సగం దారిలో ఎక్కడో బస్సు టైరు పంక్చరయింది. అందరూ దిగి డ్రైవర్ని తిట్టుకుంటున్నారు. నేను గట్టున నిలబడి తల పైకెత్తితే, తాటిచెట్టు చుట్టూ వేలెడేసి పిట్టలు గిరగిరా తిరుగుతున్నాయి. తిరిగి తిరిగి సరిగ్గా వేలాడే మట్టల్లోకి దూరి మాయమైపోతున్నాయి. అవేం పిట్టలని పక్కనున్న పెద్దాయన్ని అడిగితే, ఏదో తాటాకు పిట్టలేనమ్మా, ఎప్పుడూ ఉండేయేగా అన్నాడు. ఎప్పుడూ ఉండేవే. ఇన్నేళ్ళ నా బతుకులో నేను మాత్రం తలెత్తి చూళ్ళేదు.

ఇంటికొచ్చి మా అబ్బాయి ఫోను లాక్కుని ఆ పిట్ట సంగతంతా చదివాను. చదువుతుంటే పొయ్యి మీద అన్నం మాడింది, అయినా లేవలేదు. ఆ పిట్ట నేల మీద వాలదట. గాల్లో ఎగిరే ఈకల్నీ దూదినీ ముక్కుతో పట్టుకొచ్చి, తన ఉమ్మితో తాటాకు మడతకి అతికించి గూడు కడుతుందట. గుడ్లని కూడా ఉమ్మితోనే గూటికి అంటిస్తుందట, గాలికి ఆకు ఎంత ఊగినా జారిపడకుండా. అబ్బో, ఇంతకంటే కథేం కావాలి? ఇంత కథని నెత్తిమీద పెట్టుకుని నేను సింహాల కోసం వెతుకుతున్నానా?

మర్నాడే మా వీధి పిల్లల్ని వరండాలో పోగేసి చెప్పాను. ఈసారి నీతి లేదు, గీతి లేదు. ఊగే ఇంట్లో కాపురం పెట్టిన ఒక తల్లిపిట్ట, దాని భయాలు, దాని గొడవలు, అంతే. సాయంత్రానికి పిల్లలంతా సైకిళ్ళేసుకుని అంగలకుదురు వైపు తాటిచెట్లు చూడ్డానికి పోయారు. ఒకావిడ మా ఇంటికొచ్చి, మీ కథ విన్న దగ్గర్నుంచీ మావాడు పైకి చూస్తూ నడిచి రోజూ ఎవరో ఒకర్ని గుద్దుకుంటున్నాడండీ అని ఫిర్యాదు చేసింది. నాకు పైకి నవ్వు రాకుండా ఆపుకోడం కష్టమైపోయింది. ఆ వారం నా కాళ్ళు నేల మీద ఆన్లేదు.

ఆ ఊపులోనే రేపల్లె వెళ్ళాను. రేపల్లె దాటాక ఓ చిన్న పల్లెలో మా చెల్లెలి కాపురం. వాళ్ళ చర్చిలో సండే స్కూలు పిల్లలకి కథ చెప్పమని పాస్టరుగారు ఎప్పట్నించో అడుగుతున్నారు. ప్యాసింజరు ఎక్కి, మట్టల ఆదివారానికి సరిగ్గా ముందు ఆదివారం అక్కడ దిగాను. ఈస్టరుకి వారం ముందొచ్చే ఆ ఆదివారం నాడు చర్చి గుమ్మానికి తాటి మట్టలు కడతారు, పిల్లలు ఈత మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ ఊరంతా తిరుగుతారు. చిన్నప్పుడు మేమూ తిరిగినవాళ్ళమే.

కథ చెప్పేవాళ్ళకి ఒక విద్య ఉంది. పిల్లలు రెండోసారి కూడా రావాలంటే, కథని మంచి పట్టులో ఆపెయ్యాలి. నేనూ అదే చేశాను. తల్లిపిట్ట గూడు కట్టింది, గుడ్లు పెట్టింది, పిల్లలు కళ్ళు తెరిచాయి. ఒక శనివారం పొద్దున చెట్టు కింద మనుషుల మాటలు వినిపించాయి. కత్తి నూరుతున్న చప్పుడు. పిట్ట తల బయటికి పెట్టి చూసింది. అక్కడ ఆపి, మిగతాది వచ్చే ఆదివారం అన్నాను. పిల్లలు గోల గోల చేశారు. చెల్లెలి మనవరాలు, ఎనిమిదేళ్ళది, ఇంటిదాకా నా కొంగు వదల్లేదు. పెద్దమ్మమ్మా, కత్తి పైకొచ్చిందా లేదా, ఒక్కటి చెప్పు చాలు అని ప్రాణం తీసింది. నేను చెప్తానా? నా గొప్పకి నేనే మురిసిపోతూ కూర్చున్నాను.

శనివారం పొద్దున టిఫిన్ చేస్తుంటే మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, పొలం నుంచి గబగబా వచ్చాడు. ఆ చర్చి సంఘానికి ఆయనే పెద్ద. మాట తక్కువ, కోపం ఎక్కువ. గుమ్మంలో నిలబడి నాతో అన్నాడు, "వదినా, నీ కథ మా చెట్టు కింద పడుకుంది. వచ్చి లేపు."

చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాను. నిజమే. సండే స్కూలు పిల్లలంతా వాళ్ళ తాటిచెట్టు చుట్టూ గట్టు మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. మట్టలు కొట్టడానికి వచ్చిన గీత కార్మికుడు మోకు భుజాన వేసుకుని, ఏం చెయ్యాలో తెలీక బీడీ కాలుస్తున్నాడు. పిల్లలు అల్లరి చెయ్యడం లేదు, అరవడం లేదు. పిట్ట ఏ మట్టలోకి దూరుతుందో కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఎదురు గట్టు మీది చెట్లన్నీ పొద్దున్నే చూసేశారట. వాటి మట్టల్లోకి ఏ పిట్టా దూరలేదు, అవి కొట్టుకోవచ్చట. ఇదొక్కటే వద్దన్నారు. అయ్యబాబోయ్, నా ఆనందం ఏం చెప్పను. ఏ బడిలోనూ ఏ కథకీ ఇట్లాంటి జవాబు రాలేదు నాకు.

కానీ మా మరిది మొహం చూసేసరికి నా నవ్వు ఆగిపోయింది. ఆ చెట్టు సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా కథ అల్లేటప్పుడు తట్టనే లేదు. ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఈ ప్రాంతం మీదికి ఉప్పెన వచ్చింది. వాళ్ళ నాన్న ఆయన్ని పంచెతో ఆ చెట్టుకి కట్టేసి, తను కూడా దాన్నే కరుచుకుని బతికాడు. నీళ్ళు తీశాక, ప్రతి మట్టల ఆదివారానికీ చర్చి గుమ్మానికి ఈ చెట్టు మట్టలే కడతానని దేవుడికి మొక్కుకున్నాడు. తండ్రి పోయాక కొడుకు ఒక్క ఏడాది తప్పకుండా తీరుస్తున్నాడు. చిన్న మొక్కుబడి కాదది, ప్రాణానికి ప్రాణం కట్టిన మొక్కుబడి. ఎదురు గట్టు మట్టలు ఎన్నున్నా ఆయనకి పనికిరావు.

ఆయన నావైపు తిరిగి, అసలు గూడు నువ్వు కళ్ళతో చూశావా అని అడిగాడు. చూళ్ళేదన్నాను. ఫోన్లో రాసినవన్నీ మా చెట్టు మీద ఉంటాయా అన్నాడు. సరే, మనిషిని ఎక్కిద్దాం, గూడు లేకపోతే మట్టలు కొట్టాల్సిందే, పిల్లలూ మీరు లేవాల్సిందే అన్నాడు. పిల్లలు ఒప్పుకున్నారు. అక్కడ గూడు లేకపోతే నా కథ అబద్ధం. నా కథ అబద్ధమైతే, ఇంకెప్పుడూ ఏ పెద్దవాళ్ళు ఏం చెప్పినా ఈ పిల్లలు తలెత్తి చూడరు.

గీత కార్మికుడు మోకు బిగించి ఎక్కాడు. మట్టల్లో దూరాడు. ఏంటి, ఏం కనబడుతోంది అని కిందనించి మా మరిదే అరిచాడు. పైనుంచి జవాబొచ్చింది. గూడు ఉంది, ఒక్కటి కాదు, వేలాడే మట్టల వరసంతా ఉన్నాయట. కొన్నిట్లో పిల్లలు కూడా ఉన్నాయట. పై మట్టలు కొట్టినా వచ్చి వీటి మీదే పడతాయట. ఇన్నేళ్ళూ కొడుతూనే ఉన్నానయ్యా, ఎప్పుడూ మడత విప్పి చూళ్ళేదు అన్నాడు.

నాకు గంతులెయ్యాలనిపించింది. పిల్లలు మాత్రం ఒక్కళ్ళు కూడా చప్పట్లు కొట్టలేదు. అందరూ లేచి కూర్చుని మా మరిది మొహమే చూస్తున్నారు. ఆయన చెట్టు మొదట్లో చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అప్పుడు మనవరాలు దగ్గరికెళ్ళి ఆయన వేలు పట్టుకుంది.

"నిన్ను కూడా దీనికే కట్టారుగా తాతయ్యా?"

ఆయన పైనున్న మనిషిని దిగిపొమ్మని సైగ చేసి, ఇంటివైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. మా చెల్లెలు వంటింట్లో నన్ను దులిపి పారేసింది. కథ చెప్పమంటే కొంప మీదికి తెచ్చావు, నువ్వు రేపు రైలెక్కి పోతావు, మొక్కు తప్పిందన్న దిగులుతో ఏడాదంతా ఈయన మొహం నేను చూడాలి అంది. దాని మాటా నిజమే. నేను ఉల్లిపాయలు తరుగుతూ కుక్కిన పేనులా కూర్చున్నాను. పిట్టలు బతికాయని ఒకపక్క సంబరం, ఈ మనిషి గుండెలో ఏం విరిచానో అని ఒకపక్క భయం. సాయంత్రం ఆయన చొక్కా వేసుకుని పాస్టరుగారింటికి వెళ్ళాడు. వచ్చి నేరుగా మంచమెక్కాడు.

ఆదివారం పొద్దున చర్చి గుమ్మం బోసిగా ఉంది. చూసినవాళ్ళంతా గుసగుసలాడుకుంటున్నారు. పిల్లలు ఈత మట్టలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పాస్టరుగారు బయటికొచ్చి, ఈ ఏడు ఊరేగింపు ముందు పొలం వైపు వెళ్తుందని చెప్పారు. మా మరిది ఉత్త చేతులతో అందరికంటే ముందు నడిచాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఎక్కడికి తీసుకెళ్తున్నాడో. పక్కనున్నావిడ చెయ్యి ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు, పాపం ఆవిడ కూడా విడిపించుకోలేదు.

ఊరంతా వెళ్ళి ఆ తాటిచెట్టు కింద నిలబడింది. ముసలివాళ్ళు, చంకన పిల్లల తల్లులు, పాట పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్ళు, అందరూ తలలెత్తి చూస్తున్నారు. పైన తాటాకులు గలగలమంటున్నాయి, పిట్టలు వస్తున్నాయి, పోతున్నాయి. హోసన్నా ఎత్తుకోబోతున్న కుర్రాళ్ళని పిల్లలే ఆపి, నెమ్మదిగా పాడండి, పైన పసివాళ్ళున్నారు అన్నారు. అంత మంది గొంతు తగ్గించి పాడటం నేనెప్పుడూ విన్లేదు. పాటయ్యాక పాస్టరుగారు ప్రార్థన చెయ్యమని మా మరిదికే చెప్పారు. ఆయన చెట్టుకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, మా నాన్న నన్ను కట్టినప్పుడు ఈ చెట్టు నన్ను కింద పడెయ్యలేదు. దీన్ని నమ్ముకున్న పిల్లల్ని నేను కింద పడెయ్యలేను. నా మొక్కుబడి ఇట్టా తీర్చుకుంటున్నా. తప్పైతే నన్ను క్షమించు, మా నాన్నకి నువ్వే చెప్పు."

పెద్దవాళ్ళెవరికీ ఆమెన్ నోట రాలేదు. పిల్లలే అన్నారు.