ఇగో, ఇంటున్నవా?

మా మేడం పోయారని, ఆమె పాఠాలు చెప్పిన నాంపల్లిలోని కంప్యూటర్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చేసరికే అంత్యక్రియలు కూడా అయిపోయాయి. ఆమెను దవాఖానలో చేర్చిన సంగతే నాకు తెలియదు. ఫోన్ పెట్టేశాక ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు. మా ఆఫీసులో ఆమెను ఎరిగినవాళ్లు లేరు.

నాకు వెబ్ పేజీలు రాయడం నేర్పింది ఆమే. తెర మీద బటన్ కావాలంటే కోడ్‌లో ఒక్క వరుస రాస్తే చాలు, వచ్చి కూర్చుంటుంది. నొక్కితే ఏ పని జరగాలో ఆ పని పేరు కూడా అదే వరుసలో రాయాలి. ఆ పేరులో ఒక్క అక్షరం తప్పినా బటన్ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎంత నొక్కినా పలకదు. మొదట్లో నేను చేసినవన్నీ అలాంటివే. మేడం వెనక నిలబడి, "బటన్ పెట్టుడు అందరికొస్తది బిడ్డా. నొక్కినోళ్లకు జవాబు రావాలె" అనేవారు. తప్పు ఎక్కడుందో మాత్రం చెప్పేవారు కాదు. నేను వెతికి పట్టుకునేదాకా పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

ఊరి నుంచి వచ్చి అబిడ్స్‌లో హాస్టల్‌లో ఉండేదాన్ని. ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూస్తుంటే మేడం కనబడి ఇంటికి తీసుకెళ్లారు. వాళ్లాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన కోసం ట్యాబ్‌లో ఒక పేజీ చేసి పెట్టారు. నీళ్లు, చాయ్, ఫ్యాను అని పెద్ద పెద్ద బటన్లు. నొక్కితే మేడం గొంతుతో ఆ మాట వినిపిస్తుంది.

ఆ రోజు ఆయన తెర మీద ఖాళీ చోట వేలితో కొడుతూ ఉన్నారు. దుప్పటా, రేడియోనా అని నేను అడిగితే తల అడ్డంగా ఊపారు. చివరికి మేడం వైపు వేలు చూపారు. ఆమెకు అర్థమైంది. అక్కడే కూర్చుని ఇంకో బటన్ రాశారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన తనను పిలిచే మాటను తన గొంతుతోనే రికార్డు చేశారు. "ఇగో, ఇంటున్నవా?"

ఆయన నొక్కారు. పక్కనే ఉన్నా మేడం, "ఔ, ఇంటున్న" అన్నారు. ఆయన మళ్లీ నొక్కారు. ఆమె మళ్లీ అన్నారు. నేను నీళ్ల కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆయన పోయాక మేడంను చూడ్డానికి వెళ్తే, నేను అడగకుండానే ఆ పేజీ సంగతి చెప్పారు. "తీసెయ్యలే బిడ్డా, గట్లనే ఉన్నది. నేను నొక్కుకుంటె ఏమొస్తది, నా గొంతే గదా." చాయ్ పోసిచ్చి, టీవీ సౌండ్ కొంచెం పెంచారు. టీవీ వైపు మాత్రం చూడలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం అదే, నొక్కితే పలికే తెరలు చేయడం. ఈ నగరంలో నా కాళ్ల మీద నేను నిలబడ్డానంటే అది ఆమె చలవ.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. తెలిసి కూడా బెల్ నొక్కాను. లోపల మోగి ఆగిపోయింది. పక్క పోర్షన్‌లో కొత్తగా కిరాయికి దిగినామె తలుపు తీసి, ఎవరు కావాలని అడిగింది. మా మేడం అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని, ఆమె తలుపు పట్టుకుని చూస్తూ నిలబడింది.