పక్కగోడ ఇటుకలు

బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో ఇల్లు కట్టుకునేవాళ్ళు చాలామంది బయటి గోడకు గిలాబు చేయించరు. ఎంచుకున్న ఇటుకే ఆ ఇంటికి జన్మంతా మొహం. అలాంటి ఇటుకలమ్మే ఆవరణలో హోడలీవ ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. కాళ్ళకు రబ్బరు బూట్లు, జేబులో ఎర్రమట్టి మరకల చేతిగుడ్డ. దీపాల వెలుగులో ఎవరినీ ఇటుక ఎంచుకోనివ్వదు. నమూనాలను వానలోకి తెచ్చి, "తడిస్తే ఎలా ఉంటాయో చూసుకోండి. ఇక్కడ సగం ఏడాది ఇదే రంగు" అంటుంది. ఒక ఇంటికి రెండు రకాలు కలపొద్దనీ చెబుతుంది. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలు ఎంత వాదించుకున్నా నోరు మెదపదు.

మొన్న మార్చిలో ఇర్మా అనే ఆవిడ, చూపు పోయిన భర్త ఆషీల్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నున్నటి లేతపసుపు ఇటుక మీద ఆవిడ మనసు పడింది. హోడలీవ నాలుగు రకాలు తెచ్చి ఆషీల్ ముందు పెట్టింది.

"ఆయనకెందుకండీ? కనపడదుగా" అంది ఇర్మా.

"గోడ పట్టుకుని నడిచేది ఆయనే కదమ్మా."

ఆషీల్ ఒక్కొక్కటే తడిమాడు. చేత్తో అచ్చుపోసిన ఎర్ర ఇటుక మీద అతని బొటనవేలు ఆగింది. "దీనికి ముడతలున్నాయి. ఇల్లొచ్చిందని తెలుస్తుంది" అన్నాడు.

ఇర్మా తన లేతపసుపు ఇటుకనీ, ఆ ఎర్ర ఇటుకనీ పక్కపక్కన పెట్టి చూసింది. "ముందు గోడకి నాది. గేటు నుంచి తలుపు దాకా పక్కగోడకి నీది. చూసినవాళ్ళు నవ్వుతారేమో" అంది చివరికి.

"నవ్వనీ. నాకేమన్నా కనపడతారా?"

ఒక ఇంటికి రెండు రకాలు వద్దని అందరికీ చెప్పే హోడలీవ, మారుమాట్లాడకుండా రెండు ఇటుకల పేర్లూ ఒకే కాగితం మీద రాసుకుంది.