ఉల్టా చీర

కొత్త చీర మడత విప్పితే వచ్చే గంజి వాసనకు రామన్నపేటలో పెద్దమ్మ దుకాణం గుర్తొస్తుంది. బడి సెలవుల్లో ఆమె పక్కనే కూర్చునేదాన్ని. చీర చూపించేటప్పుడు, చీటీ అంటించిన పై వైపును పెద్దమ్మ ఎప్పుడూ కిందికే పరిచేది. పాపం, చూపు ఆనడం లేదనుకున్నాను.

ఒకరోజు ఇద్దరు ఆడవాళ్లు "ప్రింటు చీరేమో" అంటూ లేవబోయారు. ఉండబట్టలేక అరిచాను.

"పెద్దమ్మా, చీర ఉల్టా పరిచినవ్!"

వాళ్లు ఆగి తిప్పి చూశారు. అటూ అదే పువ్వు, అదే రంగు.

"నూలుకే రంగులేసి నేసినమమ్మా. ప్రింటైతే వెనక రంగు పలచగుంటది. ఇది ఎటు తిప్పినా గదే పువ్వు," అంది పెద్దమ్మ. వాళ్లు చీర కొనుక్కుని వెళ్లాక నా చెంప గిల్లింది. "నువ్వే అమ్మినవ్ బిడ్డా!"

ఇప్పుడు నల్లగొండలో నాదే దుకాణం. నేనూ ఉల్టానే పరుస్తాను. "తప్పు వైపు వేసినట్టున్నరు" అని ఎవరైనా అన్నారా, ఆ చీర అమ్ముడుపోయినట్టే.