అక్క ఖాళీగా వదిలిన గోడ

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు. మా అక్కకు కోపం రాదనీ తెలుసు. అందుకే ఆ రోజు ఆసుపత్రిలో జరిగింది చెబితే ఎవరూ నమ్మడం లేదు.

అక్క బొమ్మలు వేస్తుంది. నేను వాటికి ఫ్రేములు కడతాను. ఇద్దరికీ పని గది ఒకటే. ఆవిడది కిటికీ వైపు, నాది రంపపు పొట్టు వైపు. వయసులో ఉన్నప్పటినుంచీ ఆవిడకు ఒకటే పిచ్చి. ఊరికి ఎగువన ఏడాది పొడుగునా వాన కురిసే అడవి, అందులో జలపాతం. జలగలు కాళ్ళకు పట్టుకున్నా సరే, కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని కొండ ఎక్కేది. ఎక్కడెక్కడి చిత్రకారులో అక్కడికొచ్చి, గొడుగుల కింద కూర్చుని నీలం రంగు ట్యూబులు పిండేస్తుంటే ఈవిడకు నవ్వొచ్చేది. అక్కడ నీలం ఎక్కడుందే అని నన్నడిగేది. తను ఆకులు వేస్తుంది, నాచు పట్టిన రాళ్ళు వేస్తుంది, తడిసి నల్లబడ్డ మానులు వేస్తుంది. నీళ్ళు మాత్రం వెయ్యదు. ఆ మేరకు కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. చుట్టూ పచ్చదనం చిక్కబడేకొద్దీ ఆ వదిలేసిన తెలుపు కిందికి దూకడం మొదలుపెడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత వేళ్ళకు కీళ్ళవాతం వచ్చింది. కొండ ఎక్కడం మానేసింది. బ్రష్షు పట్టుకుంటే బొటనవేలు మొరాయించేది. సరిగ్గా అప్పుడే పిల్లల ఆసుపత్రి వాళ్ళు కబురు చేసి, కొత్త హాల్లో ఒక గోడంతా మీదేనన్నారు. ఇదే నా ఆఖరి బొమ్మ, ఆ తర్వాత చెయ్యి లేవదు అని అక్క నాతో ముందే చెప్పింది. ఆ వానాకాలమంతా గోడ దగ్గరే ఉంది. వేళ్ళు వేడినీళ్ళలో ముంచుకుంటూ, గుడ్డ చుట్టుకుంటూ వేసింది. నడిమధ్యన, పైకప్పు నుంచి నేల దాకా, సున్నం గోడను అలాగే వదిలింది. పొద్దున్న ఎదుటి కిటికీలోంచి దానిమీద ఎండ పడితే, అటుగా ఏడుస్తూ వెళ్ళే పిల్లలు కూడా ఏడుపు మరిచిపోయి చూసేవారు.

పని అయిపోయిందని ఇంటికొచ్చి జ్వరంతో పడుకుంది. ఇక మా తమ్ముడి ఘనకార్యం వినండి. వాడు దుకాణాలకు బోర్డులు రాస్తాడు. చెయ్యి మంచిది, కాదనను. వాడి పనిలో రంగు పడని చోటు కనిపిస్తే పరువు తక్కువ. గోడ మీద అక్క పేరు రాయమని ఆసుపత్రి మేనేజరు వాణ్ణి పిలిచాడు. వాడు రాశాడు. మధ్యలో ఖాళీ ఉండిపోయిందేమిటి, ప్రారంభోత్సవం దగ్గర పడిందే అని ఆ పెద్దమనిషి గొణిగాడట. పాపం, చెయ్యి నొప్పితో పెద్దక్క పూర్తి చెయ్యలేకపోయింది, నలుగురిలో నవ్వులపాలవుతుందని మనవాడికి ప్రేమ పొంగుకొచ్చింది. ఒక్క మాట అడిగాడా? నోట్లో నాలుక లేదా? నిచ్చెన వేసుకుని, పైనుంచి కింది దాకా నిగనిగలాడే నీలం ఎనామిల్ రంగు పూసేశాడు. అడుగున నురుగు కూడా చుట్టలు చుట్టలుగా పెట్టాడు. ఇంటికొచ్చి మరీ ఆ శుభవార్త చెప్పాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో సుత్తి ఉన్న సంగతి నాకు గుర్తులేదు గానీ వాడికి గుర్తుంది, గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. దద్దమ్మా, కొంప ముంచావు కదరా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క మాత్రం చెప్పులేసుకుని బయల్దేరింది. మేమిద్దరం వెనకాల పరిగెత్తాం.

నేరుగా వెళ్ళి గోడ ముందు నిలబడింది. వాడు దానిమీద తెల్లరంగు వేసేస్తానన్నాడు.

"తెల్లరంగు వేస్తే తెల్లగా ఉంటుందిరా. నీళ్ళు రావు," అంది అక్క.

గీకేస్తానని వాడు గోటితో ఒక మూల గీకి చూశాడు. సున్నం పెచ్చుతో సహా ఊడొచ్చింది. అంతలో మేనేజరు వచ్చాడు. ఇప్పుడు నిండుగా ఉందనీ, ముఖ్యంగా ఆ నీళ్ళు బ్రహ్మాండంగా కుదిరాయనీ అక్కను మెచ్చుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అవి నేను వెయ్యలేదండీ, మా తమ్ముడు వేశాడు," అని, వాడివైపు తిరిగింది. "నా పేరు చెరిపెయ్. నీ పేరు రాసుకో."

మేనేజరు ఏదో సర్దిచెప్పబోయి, ఆవిడ ముఖం చూసి తగ్గాడు. తమ్ముడు భోరుమన్నాడు. నీ మీద ప్రేమతోనే చేశానక్కా, క్షమించవా అని చేతులు పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ వాడు ఏ తప్పు చేసినా నా తిట్లకు అడ్డంపడింది ఆవిడే. ఇప్పుడూ వాణ్ణి దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను, అలా అనుకోగానే నాకు ఇంకా మండింది.

అక్క తన చేతులు వెనక్కి తీసుకుంది.

"ప్రేమతోనే చేశావు, నాకు తెలుసు. క్షమించలేను. రాయి."

వాడు రాశాడు. అక్షరాలన్నీ వంకర పోయాయి. నిచ్చెన నేనే పట్టుకున్నాను. పూర్తయ్యేదాకా అక్క అక్కణ్ణుంచి కదల్లేదు, ఆ తర్వాత ఇంటికి పోదాం పదవే అంది. దారి పొడుగునా వాణ్ణి తిట్టడానికి ఒక మాట కోసం వెతుక్కున్నాను. ఆవిడ అన్నదానికి మించింది నాకు దొరకలేదు.