అరుపు ఆగాకే అడుగు

నోయెల్ హెగర్టీ చెవుల మీద డల్బారా ఊళ్ళో బీరు పందేలు కాసేవారు. వెనక తొట్టి ఉన్న తన యూట్ బండి ఇంజను ఆపేసి, తల కిటికీలోంచి బయటపెట్టి, "అదిగో, బిడ్డీ ఆడపందిని నిలేసింది, దాని వెంట పిల్లలున్నాయి" అనేవాడు. పక్కనున్న వాళ్ళకి గాలి తప్ప ఏమీ వినపడేది కాదు. వెళ్ళి చూస్తే అక్షరాలా అంతే. ముప్ఫయ్యేళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించి, నడుం విరిగాక ఆ పని మానేసి, అడవిపందుల వేటకి వచ్చేవాళ్ళకి దారి చూపడం మొదలుపెట్టాడు. అరవై ఆరేళ్ళొచ్చాయి. ఇంట్లో భార్య గ్లెనిస్, పెరట్లో రెండు కుక్కలు. బిడ్డీ పందిని వెతికి, ఎదురు నిలబడి మొరుగుతుంది. ట్యాంక్ అనే మోటు కుక్క వెనకాలే వచ్చి దాని చెవి కరిచి పట్టుకుంటుంది.

ఆ చెవులు పోయాయి. ఒక్కసారిగా పోయినా బాగుండేది, నలుగురికీ తెలిసేది. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత గ్లెనిస్ వంటింట్లోంచి పిలిచే పిలుపు పోయింది. ఆ వేసవి వచ్చేసరికి దూరాన కుక్క మొరిగినా వినపడటం మానేసింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొచ్చేవాడు. అర్థం కాకపోతే తలూపేవాడు. కుక్కలు ఎక్కడున్నాయో, వాటి మెడపట్టీల నుంచి సంకేతాలు అందుకునే చేతియంత్రం తెర మీద చుక్కలుగా చూపించేది. మిగతాదానికి, వేటకి తోడొచ్చే పక్కింటి కెవ్ మొహం ఉండేది. కెవ్ ఉలిక్కిపడితే నోయెల్ ముందే విన్నట్టు లేచేవాడు. ఏడాదిగా ఇదే నాటకం! గ్లెనిస్‌కి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుంది? చావరు కదా ఎవరూ. కానీ ఆ మనిషికి ఊళ్ళో ఉన్న పేరంతా ఆ రెండు చెవులే, అది పోతే తను ఎవడో అతనికే తెలియదు.

అలాంటి రోజుల్లో టాస్మేనియా దీవి నుంచి అలిస్టర్ పెన్‌హాల్ మెసేజులు పెట్టడం మొదలుపెట్టాడు. బడిపిల్లలకి వడ్రంగం నేర్పే మాష్టారు, నలభై ఒక్కేళ్ళు. వాళ్ళ వైపు అడవిపందులు లేవు. మొదటి వేట ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు. మనిషికి ఎన్ని సందేహాలో! ఏ బూట్లు వేసుకోవాలి, పాములుంటాయా, పక్క రాష్ట్రం నుంచి తుపాకీ తేవడానికి ఏ కాగితాలు కావాలి, అన్నీ అంకెలు వేసి మరీ అడిగాడు.

"తుపాకీ ఇంట్లోనే పెట్టి రా మాష్టారూ" అని రాశాడు నోయెల్. "కుక్కలు పంది మీదుండగా తుపాకీ పేల్చినవాడికి ఈ ఊళ్ళో టీ కూడా పొయ్యరు. ఇక్కడంతా కత్తి పనే. సూత్రం ఒక్కటే, రాసిపెట్టుకో. బిడ్డీ మొరుగుతోందంటే పంది ఇంకా పట్టుబడలేదని. చెట్టులా నిలబడు. మొరుగుడు ఆగిందంటే ట్యాంక్ చెవి పట్టేసిందని. అప్పుడు పరిగెత్తు. వెనక కాళ్ళు రెండూ ఎత్తి పట్టుకో, కత్తి సంగతి నేను చూసుకుంటా."

అలిస్టర్ నిజంగానే రాసిపెట్టుకున్నాడు. మార్చి మొదటి వారంలో సెలవు పెట్టి, రెండు విమానాలు మారి, అద్దె కారులో దుమ్ము కొట్టుకుంటూ దిగాడు. ఎండకి ముక్కు అప్పుడే కమిలిపోయింది. అతన్ని చూసి కసాయికొట్టు బ్రూస్ రోడ్డు దాటి మరీ వచ్చాడు.

"ఒరేయ్ నోయెల్, ఈ పిల్ల మాష్టార్ని ఎనిమిదో మైలు పొదల్లోకి తీసుకెళ్తావా ఏంటి? అక్కడున్న నల్ల మగపంది మొన్న మా తమ్ముడి కుక్కల్ని రెండింటిని చీరేసింది. పేగులు చేత్తో పట్టుకుని తెచ్చాడు వెర్రివాడు."

"మీ తమ్ముడికి చెవులు లేవురా" అన్నాడు నోయెల్. బ్రూస్ పకపకా నవ్వాడు. నోయెల్ కూడా నవ్వాడు, మొహం మాత్రం మాడిపోయింది.

ఆ సాయంత్రం గ్లెనిస్ ఉప్పుమాంసం ఉడికించి, తెల్ల సాసు పోసి పెట్టింది. బల్ల మీద సాసు సీసా నది, ఉప్పు డబ్బీ బండి, చెంచాలు కుక్కలు. నోయెల్ వేలితో దారి గీసి చూపిస్తుంటే అలిస్టర్ బుద్ధిగా తలూపుతున్నాడు.

"మరి మీ పక్కింటాయన కూడా వస్తారన్నారు?" అన్నాడు.

"కెవ్ టూవూంబా పట్నం వెళ్ళాడు, మోకాలి ఆపరేషన్‌కి. మనిద్దరం చాలు."

అలిస్టర్ వెనక నిలబడి గిన్నెలు తుడుస్తున్న గ్లెనిస్ చెయ్యి ఆగిపోయింది. మొగుడి కళ్ళలోకి చూస్తూ, గొంతు లేకుండా, పెదాలతో మాత్రమే అంది. "చెప్పు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నోయెల్ చదివాడు. ప్రతి మాటా చదివాడు.

"రేపు గాలి మనవైపే ఉంటుంది మాష్టారూ" అన్నాడు పైకి.

"కెవ్ వచ్చేదాకా ఆగు" అన్నాయి ఆమె పెదాలు. "నీ కాళ్ళు పట్టుకుంటా."

నోయెల్ లేచి, కత్తికి సాన పెట్టడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ తువ్వాలుతో కళ్ళొత్తుకుంది. ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో అనుకుని అలిస్టర్ మిగిలిన గిన్నెలు తనే తుడిచిపెట్టాడు. అప్పుడైనా ఆమె చెప్పేస్తే ఎంత బాగుండేది! నలభై ఏళ్ళ కాపురం, మొగుడి పరువు ఒక కొత్త మనిషి ముందు తియ్యలేకపోయింది.

తెల్లవారి ఎనిమిదో మైలు దగ్గర దిగేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నది ఎండి బురదగుంటలు మిగిలాయి. వాటి చుట్టూ లిగ్నం పొదలు, తలకి మించిన ఎత్తున, ఆకుల్లేని పుల్లలు అల్లుకుపోయి. లోపలికి దారులు పందులు చేసినవే. మనిషి వంగితేగానీ దూరలేడు, దూరాక వెనక్కి తిరగలేడు. ఒక గుంట పక్కన బురదలో పంది అడుగుజాడ కనిపించింది. నోయెల్ అరచెయ్యి దాని మీద పెట్టి చూశాడు, సరిపోయింది.

కుక్కలు పొదల్లో మాయమయ్యాయి. నోయెల్ యంత్రం వంక చూస్తూ నడిచాడు. నాలుగు వందల మీటర్లు, రెండు వందలు, అరవై. రెండు చుక్కలూ ఒకేచోట ఆగిపోయాయి. నోయెల్ చెయ్యెత్తాడు, ఇద్దరూ ఆగారు.

లోకమంతా నిశ్శబ్దంగా ఉంది. అతనికి ఏడాదిగా అలాగే ఉంది.

అలవాటుగా పక్కకి చూశాడు. కెవ్ మొహమైతే చదివేవాడు. ఇది మొదటిసారి వేటకొచ్చినవాడి మొహం, పాలిపోయి, చెమటలు కారుతూ, వచ్చినప్పటి నుంచీ అలాగే ఉంది. అందులో ఏం చదవాలి? ఒక్క మాట అడిగితే సరిపోయేది, "మొరుగుతోందా?" అని. మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెవుల నోయెల్ హెగర్టీ, నిన్న దిగిన వడ్రంగం మాష్టార్ని అడగడమా! మింగేశాడు. చుక్కలు కదలడం లేదు కదా, పట్టే ఉంటుంది అనుకున్నాడు.

"పట్టేసింది. పద! వెనక కాళ్ళు!"

అలిస్టర్ కదల్లేదు. పొదలవైపు తిరిగి ఏదో అన్నాడు. పెదాలు కనపడలేదు. నోయెల్ తలూపాడు, గట్టిగా, రెండుసార్లు.

అలిస్టర్ వంగి లోపలికి పరిగెత్తాడు.

పొదంతా ఒక్కసారి ఊగింది. అది చూశాక నోయెల్‌కి అర్థమైపోయింది, ట్యాంక్ పట్టిన పంది అలా ముందుకి ఉరకదు. గడ్డాన్ని పుల్లలు గీరుతున్నా పాక్కుంటూ లోపలికి పోయాడు. బిడ్డీ నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మొరుగుతోంది, ఇంకా మొరుగుతూనే ఉంది! ట్యాంక్ పక్కటెముకలు తెరుచుకుని ఓ వారగా పడి ఉంది. నల్ల పంది అలిస్టర్ మీద ఉంది.

కత్తి ఎలా దింపాడో తర్వాత చెప్పలేకపోయాడు. బెల్టు ఊడదీసి, మాష్టారి తొడకి బిగించి, మోకాలితో నొక్కిపెట్టి, బండిలోని రేడియో దాకా ఈడ్చుకొచ్చాడు. "ఓర్చుకో నాయనా, ఓర్చుకో" అంటూనే ఉన్నాడు దారంతా.

రేడియోలో కబురందుకున్న డాక్టర్ల విమానం దగ్గర్లోని గొర్రెలషెడ్డు పక్క నేల మీద దిగింది. డాక్టరమ్మ బెల్టు చూసి, "ప్రాణానికి భయం లేదు, కాలు మాత్రం చెప్పలేను" అంది. కబురు తెలిసి గ్లెనిస్ అప్పటికే ఊళ్ళోంచి వచ్చేసింది. ఊరి పోలీసు నోటుబుక్కు తీశాడు. "కుక్క గమ్మున అయిపోయిందా నోయెల్? నువ్వు పొరబడవని అందరికీ తెలుసులే. మోసం చేసింది కదూ కుక్క?"

తప్పించుకునే దారి చూపించి మరీ అడిగాడు. ఔనంటే అయిపోయేది. బిడ్డీ చెవులు వాల్చి నోయెల్ కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది.

స్ట్రెచర్ మీదినుంచి అలిస్టర్ చెయ్యి చాచి నోయెల్ చొక్కా పట్టుకున్నాడు. మొహంలో మొహం పెట్టి చూస్తున్నాడు, ఇప్పుడు పెదాలు బాగా కనపడుతున్నాయి.

"ఇంకా మొరుగుతోంది కదండీ అన్నాను" అన్నాడు. "మీరు తలూపారు. మీకు తెలిసిన లెక్క ఇంకేదో ఉందనుకున్నాను."

నోయెల్ పోలీసు వైపు తిరిగాడు.

"కుక్క తప్పేం లేదు. నాకు వినపడదు" అన్నాడు, ఊరంతా వినేంత గట్టిగా. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు. "ఏడాదైంది. మాష్టారు చెప్పాడు, నాకు వినపడలేదు. రాసుకో."

పోలీసు రాయకుండా నిలబడిపోయాడు. గ్లెనిస్ వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. విమానం ఇంజను మొదలైంది, దుమ్ము లేచింది, అందరూ చెవులు మూసుకున్నారు. నోయెల్ ఒక్కడూ చేతులు దించుకుని నిలబడ్డాడు.