అత్తగారింటి అద్దె ఒప్పందం

నా పరువు రేపల్లె నుంచి చెన్నై దాకా ఒక్క ఫోన్‌కాల్‌లో ఎలా పోయిందో చెబుతాను, వినండి. రైల్లో పంపి ఉంటే దానికి సగం రోజైనా పట్టేది.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. మా ఆవిడ సుజాత రేపల్లెలో కాలేజీ లెక్చరరు. నా ఉద్యోగం చెన్నైలో. మంగళ, బుధవారాలు ఆఫీసులో, మిగతా మూడు రోజులు ఇంటి నుంచి పని. ఇల్లంటే మా అత్తగారి మేడ మీది వాటా. ఆవిడ కింద ఉండేవారు. వారం వారం రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి, తెనాలిలో దిగి, చెన్నై బండి పట్టుకునేవాణ్ణి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు పెద్దలు. నేను ఏకంగా రెండు రాష్ట్రాల మీద పెట్టాను.

ఆ ఏడు మా జీతాల విభాగం వాళ్ళు ఒక ఫారం పంపారు. ఏ రోజు ఏ రాష్ట్రంలో కూర్చుని పని చేస్తారు, వృత్తి పన్ను ఎక్కడ కట్టాలి, ఇంటి చిరునామా ఏమిటి, అద్దె ఇల్లయితే యజమాని ఎవరు అని. అడుగున చిన్న అక్షరాల్లో మరో మాట ఉంది. చిరునామా నిర్ధారణ కాకపోతే ఇంటి నుంచి పని రద్దు. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకప్పట్లో లేదు.

నా కన్ను అద్దె దగ్గరే ఆగింది. అద్దె చూపిస్తే పన్ను తగ్గుతుంది కదా! తెనాలిలో పన్ను కాగితాలు చూసే నా స్నేహితుడు ప్రసాదుని అడిగాను.

"అత్తగారికైనా అద్దె కట్టొచ్చురా. కాకపోతే నిజంగా కట్టాలి, బ్యాంకులో వెయ్యాలి, అగ్రిమెంటు ఉండాలి. అన్నిటికంటే ముందు ఆవిడకి చెప్పు," అన్నాడు.

మొదటి మూడూ చేశాను. నాలుగోదానికి ధైర్యం చాలలేదు. మా వైపు అల్లుడు మంచినీళ్ళు తాగి గ్లాసు తనే కడిగితే, అత్తగారు వారం రోజులు వీధిలో తలెత్తుకోలేరు. అలాంటిది అద్దె తీసుకోమంటే ఇంకేమైనా ఉందా? అందుకని ఒక సాయంత్రం ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఆ అగ్రిమెంటు కాగితం ముందుంచాను.

"ఏంటండి అల్లుడుగారూ ఇది?"

"ఆఫీసు కాగితం అత్తయ్యగారూ. నేనిక్కడ ఉంటున్నానని."

"దానికేం, ఇలా ఇవ్వండి," అంటూ కళ్ళజోడైనా పెట్టుకోకుండా సంతకం చేసేశారు.

ఆవిడ బ్యాంకు పనులు చూసేది నేనే. కాబట్టి ఖాతా నంబరు కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. ప్రతి నెలా అద్దె పడిపోతోంది. అదేమిటో, అప్పట్నుంచే ఆదివారం ఆదివారం ఇంట్లో నిజాంపట్నం పీతల కూర కూడా మొదలైంది. అల్లుడంటే ఎంత ప్రేమో అనుకుని లొట్టలేశాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ మహా హుషారుగా ఉన్నారు.

"ఇవాళ ఒక మోసగత్తె ఫోన్ చేసిందండి. చెన్నై నుంచంట. మీ ఇంట్లో అద్దెకుండే ఆయన వివరాలు చెప్పమంటుంది!"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "మీరేమన్నారు?"

"మా ఇంట్లో అద్దెకెవరూ లేరన్నాను. ఇంకోసారి చేస్తే పోలీసులకి చెప్తానన్నాను. ఇలాంటి వాళ్ళకి నేను దొరుకుతానా?"

ఆవిడ దొరకలేదు. నేను దొరికాను. సాయంత్రానికల్లా మెయిలు వచ్చింది. నేను రాసిన చిరునామాలో అలాంటి అద్దెదారు ఎవరూ లేరట, సోమవారం నుంచి అయిదు రోజులూ చెన్నై రావాలట.

సుజాత అది చదివి కుర్చీలో కూలబడింది. "శనివారం వచ్చి ఆదివారం పోతారా? ఇదేం కాపురమండి?" అంది. తన కళ్ళలో నీళ్ళు చూశాక నాకు నిజంగా భయమేసింది. పన్నూ వద్దు, మినహాయింపూ వద్దు, ఈ మేడ మీది మూడు రోజులు మిగిలితే చాలనిపించింది. ఇద్దరం కిందికి దిగాం. అత్తగారి ముందు నా ఘనకార్యమంతా ఒప్పుకున్నాను.

"అంటే నెలనెలా పడే డబ్బులు మీరేసినవా?" ఆవిడ గుండెల మీద చెయ్యేసుకున్నారు. "ఏదో పథకం అనుకున్నానండి! మాకు పడలేదేంటని ఎదురింటావిడ అడిగితే, రాసిపెట్టుండాలని కూడా చెప్పాను. ఆ డబ్బుతోనే కదా మీకు పీతలు తెప్పిస్తుంటా!"

ఇన్నాళ్ళూ నా అద్దెని నేనే పీత డెక్కలతో సహా చీకి పారేశానన్నమాట.

"అమ్మా, ఆ అమ్మాయి మళ్ళీ చేస్తే అద్దె తీసుకుంటున్నానని ఒక్క మాట చెప్పవే," అని బతిమాలింది సుజాత.

"అల్లుడి దగ్గర అద్దె పుచ్చుకున్నానని నా నోట రాదు. అల్లుడుగారు ఇక్కడే ఉంటారని మాత్రం ఎవరికైనా చెప్తా."

రాత్రంతా నేను మెయిళ్ళు పెట్టిన గోల పడలేక, ముందురోజు ఫోన్ చేసిన ఆ జీతాల విభాగం అమ్మాయి సెలవు రోజైనా శనివారం పొద్దున్నే వీడియో కాల్ చేసింది. చిత్తూరు వైపు పిల్ల, తెలుగు బాగా వచ్చు. "సార్, మీరు మాట్లాడొద్దు. అమ్మగారే చెప్పాల," అంది.

"చెప్తానమ్మాయ్," అని అత్తగారు చీర సర్దుకున్నారు. "మంగళ, బుధ మీ దగ్గరికొస్తారా? మిగతా రోజులు ఇక్కడే. ఎనిమిదింటికి లేస్తారు. తొమ్మిదింటికి పెసరట్టు, పదిన్నరకి కాఫీ. పదకొండింటికి ఆ కంప్యూటరు తెరుస్తారు."

నేను పక్కనుంచి గట్టిగా దగ్గాను.

"చూశావా, పని ఎక్కువై దగ్గు కూడా పట్టుకుంది. ఒంటిగంటకి భోజనం. తర్వాత గంటన్నర పడుకుంటారు. ఎవరూ లేపకుండా నేనే మెట్ల దగ్గర కూర్చుంటా. అప్పుడప్పుడు కంప్యూటరు అదేపనిగా మోగుతుంటుంది, నిద్ర చెడుతుందని నేనే వెళ్ళి మూతేసి వస్తా."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అత్తగారు మాత్రం అడక్కుండానే విస్తరి నిండా వడ్డించేశారు. అటువైపు ఆ అమ్మాయి చాలాసేపు తల వంచుకుని ఏదో రాసుకుంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే జవాబొచ్చింది. "మీ చిరునామా ఎలాంటి సందేహం లేకుండా నిర్ధారణ అయింది. మూడు రోజులు ఇంటి నుంచి పని కొనసాగుతుంది. వృత్తి పన్ను ఆంధ్రప్రదేశ్‌లో కడతాము. అద్దె మినహాయింపు ఇవ్వలేము. మధ్యాహ్నం గంటన్నర గురించి సోమవారం మీ మేనేజరు మాట్లాడతారు."

సుజాత నవ్వీ నవ్వీ మంచం మీద పడింది. నాకు మాత్రం ఆ సోమవారం నుంచి ఇంట్లో ఉన్న రోజుల్లో సరిగ్గా ఒకటిన్నరకి మీటింగు, అదీ కెమెరా తెరిచి. అన్నం తిన్న ముఖంతో రెప్పలు వాలకుండా కూర్చోవడం ఎంత కష్టమో పగవాడికి కూడా తెలియకూడదు. మెట్ల మీంచి అత్తగారు, "పాపం, పిల్లాణ్ణి కాసేపు నడుం కూడా వాల్చనివ్వరు," అని నిట్టూర్చడం మేనేజరు చెవిన కూడా పడేది.

కాబట్టి పాఠకులారా, నిజాంపట్నం పీతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివితే తప్ప ఇక ఏ కాగితం మీదా ఆవిడ చేత సంతకం పెట్టించను. నా గురించి సాక్ష్యం చెప్పమని ఆవిడని జన్మలో అడగను. ఎందుకంటే ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు, నాకు మధ్యాహ్నం మేలుకుని ఉండడం ఇప్పటికీ రాలేదు.